స్టాక్ రిజిస్టర్‌లో లేని గడి

నల్లగొండ జిల్లా దేవరకొండలో ఏ ప్రభుత్వ కార్యాలయం స్టాక్ రిజిస్టర్ తెరిచినా గడులు అవే: తేదీ, పాత నిల్వ, వచ్చింది, మొత్తం, ఇచ్చింది, మిగిలింది, సంతకం. తహసీల్ ఆఫీసైనా, ఎంపీడీవో ఆఫీసైనా, మున్సిపాలిటీ అయినా ఆ వరుస పెద్దగా మారదు. ఎన్ని రీముల కాగితం వచ్చిందో, ఏ సీటుకు ఎంత పోయిందో అందులో ఉంటుంది. ఇరవై రీములే ఎందుకు తెప్పించారు, నలభై ఎందుకు తెప్పించలేదు, ఒక సీటు వాళ్లు రెండడిగితే ఒకటే ఎందుకిచ్చారు అన్నది మాత్రం ఏ గడిలోనూ ఉండదు. అది బీరువా తాళంచెవి దగ్గరున్న జూనియర్ అసిస్టెంట్ తలలో ఉంటుంది. బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజు ఆయనతోపాటే బస్సెక్కి పోతుంది.

కాగితం, టోనర్, స్టాంపు ప్యాడ్, ఫైలు ట్యాగుల గురించి ఇంత ఆలోచించాలా అనిపించవచ్చు. కానీ ఆదాయ ధ్రువపత్రం కోసం తండా నుంచి కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషికి 'టోనర్ అయిపోయింది, రేపు రా' అన్న మాట ఖరీదు ఒక రోజు కూలి, రానుపోను ఛార్జీలు. అందుకే ఇది అడగాల్సిన ప్రశ్నే: ఆఫీసు సామాను ఎంత తెప్పించాలి, ఎంత నిల్వ ఉంచాలి, ఎవరికి ఇవ్వాలి అన్నదాంట్లో సిబ్బంది విచక్షణకు ఎంత చోటుండాలి? చోటిస్తే చేతివాటం పెరుగుతుందనేది ఒక వాదం. కుర్చీలో ఉన్నవాడికి తెలిసినంత రాజధానిలో ఉన్నవాడికి తెలియదనేది మరో వాదం. నియమావళి, లెక్కల శాస్త్రం, ఇటీవలి పరిశోధన, ఈ ప్రాంతపు అనుభవం ఈ రెంటి మధ్య ఏం చెబుతున్నాయో చూద్దాం.

నియమం దేన్ని చూస్తుంది

మన ఆర్థిక నియమావళి మూలసూత్రం చాలా పాతది, చాలా మంచిది. మామూలు తెలివిగల మనిషి సొంత డబ్బు ఖర్చు పెట్టేటప్పుడు ఎంత జాగ్రత్త పడతాడో, ప్రభుత్వోద్యోగి ప్రజాధనం విషయంలోనూ అంతే జాగ్రత్త పడాలన్నది దాని సారం. ఇది పూర్తిగా విచక్షణ మీద నిలబడిన సూత్రం. తమాషా ఏమిటంటే, ఆ వాక్యం దాటాక వచ్చే పేజీలన్నీ సంతకాలు, సర్టిఫికెట్లే. ఆఫీసు ఖర్చుల పద్దు 130 కింద ఉన్న 132లో బిల్లు పెట్టాలంటే ఇన్‌వాయిస్ మీద 'సరుకు ముట్టింది, స్టాక్ రిజిస్టర్ ఫలానా పేజీలో ఎక్కించాం' అని రాయాలి. ఆ ముక్క ఉంటే బిల్లు సబ్ ట్రెజరీ గడప దాటుతుంది. ఆ సరుకు అవసరమా కాదా అని అడిగే గడి బిల్లులోనూ లేదు.

కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు వర్తించే సాధారణ ఆర్థిక నియమాలు (2017) దీర్ఘకాలం వాడే ఆస్తులకు ఒక ఫారం, వాడితే అయిపోయే వస్తువులకు మరో ఫారం పెట్టాయి. రెంటినీ ఏడాదికి ఒక్కసారైనా లెక్కపెట్టి సరిచూడాలన్నాయి. గ్రంథాలయాల దగ్గరికి వచ్చేసరికి అవే నియమాలు కాస్త మెత్తబడతాయి. ఏడాదిలో చదవడానికి ఇచ్చిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోతే దాన్ని మామూలు నష్టంగానే చూడొచ్చని ఒప్పుకుంటాయి. మనుషులు వాడే చోట కొంత పోతుందన్న ఇంగితం అది. పెన్నులకు, పిన్నులకు అలాంటి వెసులుబాటు లేదు. అక్కడ రిజిస్టర్ పైసాతో సహా సరిపోవాలి. అందుకే సరిపోతుంది. ఎలా సరిపోతుందన్న సంగతికి తర్వాత వద్దాం.

అన్ని సామాన్లకూ ఒకే కొలత పనికిరాదు. రసీదు పుస్తకాలు, చెక్కులు, మీసేవ ధ్రువపత్రాలు అచ్చయ్యే భద్రతా కాగితం మొదటి రకం. వీటికి వరుస సంఖ్యలుంటాయి. తాళం వెనక ఉండాలి, ఒక్క కాగితం తేడా వచ్చినా సంజాయిషీ చెప్పాలి. ఇక్కడ విచక్షణకు చోటు లేదు, ఉండకూడదు కూడా. బల్లలు, బీరువాలు, ప్రింటర్లు రెండో రకం. కొనేటప్పుడు ఒకసారి, తీసేసేటప్పుడు ఒకసారి ఆలోచిస్తే చాలు. తెల్ల కాగితం, టోనర్, ట్యాగులు, గమ్ము, స్టాంపు ప్యాడ్ మూడో రకం. వీటి ఖరీదు తక్కువ, వీటితో సాగే పని ఎక్కువ. విచక్షణ అంతా ఉండేది ఇక్కడే. మనం మాత్రం ఈ మూడో రకాన్నీ మొదటి రకం లాగే కాపలా కాస్తున్నాం.

లెక్క చెప్పింది, చెప్పనిది

ఒక్కసారికి ఎంత తెప్పించాలనే ప్రశ్నకు 1913లోనే ఫోర్డ్ హారిస్ అనే అమెరికన్ ఇంజినీరు ఒక సూత్రం కట్టాడు. ప్రతిసారీ ఆర్డరు పెట్టడానికయ్యే ఖర్చు ఒకవైపు, సరుకును నిల్వ పెట్టుకోవడానికయ్యే ఖర్చు ఇంకోవైపు పెట్టి, రెండూ కలిసి ఎక్కడ తక్కువవుతాయో అంత తెప్పించుకోమన్నాడు. వందేళ్లు దాటినా ఫ్యాక్టరీ స్టోర్లలో దాని నీడ పోలేదు.

దాన్ని దేవరకొండ ఆఫీసుకు తెచ్చి చూస్తే ఒక విషయం తేటపడుతుంది. ఇక్కడ ఆర్డరు పెట్టే ఖర్చు డబ్బు కాదు, తిరుగుడు. కొటేషన్లు తేవాలి, మంజూరు తీసుకోవాలి, బిల్లు కట్టాలి, త్రైమాసిక బడ్జెట్ విడుదలయ్యేదాకా చూడాలి, ట్రెజరీలో టోకెన్ పడ్డాక డబ్బు జమ కావడానికి మళ్లీ ఎదురుచూడాలి. పై ఆఫీసు నుంచి తెచ్చుకోవాల్సిన ఫారాలైతే కొండమల్లేపల్లి మీదుగా నల్లగొండకు ఒక మనిషిని పంపాలి. ఇంత తిరుగుడున్న చోట ఒకేసారి ఎక్కువ తెచ్చి బీరువాలో దాచుకోవడం సోమరితనం కాదు, హారిస్ సూత్రం ప్రకారమే సరైన పని. ఆడిట్ దాన్ని 'అవసరానికి మించిన నిల్వ' అంటుంది. గుమస్తా 'మళ్లీ ఎప్పుడొస్తదో' అంటాడు. ఇద్దరి మాటా అబద్ధం కాదు. నిల్వ తగ్గించాలంటే ముందు తిరుగుడు తగ్గించాలి.

వస్తువులను వర్గీకరించడంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. విలువను బట్టి ఏ, బీ, సీ అని విడదీసి, ఖరీదైన ఏ వర్గం మీద కన్నేయమనేది స్టోర్స్ పాఠాల్లో మొదటిది. ఆసుపత్రుల్లో ఇది చాలదని తేలి ప్రాణావసరం, అవసరం, ఉంటే మంచిది అని మరో వర్గీకరణ వాడుతున్నారు. ఆఫీసుకు కావాల్సింది ఈ రెండోదే. విలువ చూస్తే స్టాంపు ప్యాడ్ అట్టడుగున ఉంటుంది. ఎండాకాలం అది ఎండిపోయి ముద్ర పడకపోతే, పైన ఎంత ఖరీదైన కంప్యూటరున్నా ధ్రువపత్రం బయటికి పోదు. ఏది లేకపోతే ఏ పని ఆగుతుందో ధరల పట్టిక చెప్పదు. కౌంటరు దగ్గర కూర్చున్నవాళ్లే చెప్పాలి.

మనిషి అంచనా ఎక్కడ దారి తప్పుతుంది

అంతమాత్రాన కుర్చీలో ఉన్నవాళ్ల అంచనా ఎప్పుడూ ఒప్పే అవుతుందని కాదు. 2000లో ష్వైట్జర్, కాషాన్ అనే పరిశోధకులు ప్రయోగశాలలో మనుషుల చేత సరుకు ఆర్డర్లు పెట్టించి చూశారు. ఎక్కువ తెప్పించుకోవాల్సిన చోట తక్కువ, తక్కువ తెప్పించుకోవాల్సిన చోట ఎక్కువ తెప్పించుకున్నారు. చేతులు సగటు వైపే పోయాయి. మన కార్యాలయాల్లో దీని పేరు 'పోయినేడు ఎంతో అంత'. పద్ధతి సులువు, తిట్లు రావు, కానీ అది అంచనా కాదు, అలవాటు.

2009లో రాబర్ట్ ఫిల్డ్స్, ఆయన సహచరులు నాలుగు కంపెనీలకు చెందిన అరవై వేలకు పైగా అంచనాలను పరిశీలించారు. కంప్యూటర్ ఇచ్చిన అంకెను ఉద్యోగులు దిద్దినప్పుడు ఏమైందన్నది వారి ప్రశ్న. చిన్న చిన్న దిద్దుబాట్లు మేలు చేయలేదు, ఒక్కోసారి చెడగొట్టాయి. పెద్ద దిద్దుబాట్లు సగటున మేలు చేశాయి. పెంచిన దిద్దుబాట్ల కంటే తగ్గించినవే ఎక్కువ పనికొచ్చాయి. దీన్ని మన మాటల్లోకి మార్చితే, 'ఎందుకైనా మంచిదని ఇంకో రెండు' అనే విచక్షణ దండగ. 'వచ్చే నెల ఫలానా పని ఉంది, ఇంత కావాలి' అనే విచక్షణ బంగారం. రెంటికీ తేడా కారణం. కారణం చెప్పగలిగిన అంచనాకే విలువ.

పోయిన ఏడాది లేని ఆఫీసులు

కారణాలకు ఈ ప్రాంతంలో కొదవ లేదు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు ఒక్క దేవరకొండ తాలూకా దస్త్రాలు, బల్లలు, బీరువాలు ఎన్నో చోట్లకు చీలిపోయాయి. 2016 అక్టోబరు 11న తెలంగాణలో పది జిల్లాలు ముప్పై ఒకటైనప్పుడు మళ్లీ అదే కథ. నల్లగొండ జిల్లా మూడైంది. మహబూబ్‌నగర్ నుంచి కొత్త జిల్లాలు పుట్టాయి. ఇటు కొండమల్లేపల్లి, నేరెడుగొమ్ము కొత్త మండలాలయ్యాయి. కొత్త మండలాఫీసు స్టాక్ రిజిస్టర్ మొదటి పేజీలో 'పాత నిల్వ' గడి ఖాళీ. పోయినేడు ఎంతో అంత అనడానికి పోయినేడే లేదు. నెలకు ఎన్ని ధ్రువపత్రాలు వస్తాయి, ఎన్ని నోటీసులు పోతాయి అన్నదానికి పాత మండలంలో పనిచేసిన మనిషి నోటి లెక్కే ఆధారం.

2018 ఆగస్టు 2న ఇదే స్థితి ఇంకా కింది మెట్టుకు దిగింది. ఆ రోజు రాష్ట్రంలో 4,383 కొత్త గ్రామ పంచాయతీలు వచ్చాయి; మొత్తం 12,751కి చేరింది. చాలా తండాలు సొంత పంచాయతీలయ్యాయి. దేవరకొండ, చందంపేట, డిండి వైపు ఈ మార్పు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. మరుసటి ఏడాది చేరిన జూనియర్ పంచాయతీ కార్యదర్శే అక్కడ ఇండెంటు రాసేది, కొనేది, పంచేది, లెక్క చూపేది. పెద్దాఫీసులో నలుగురు పంచుకునే విచక్షణ ఇక్కడ ఒక్కరి మీదే పడింది. అదీ ఉద్యోగంలో మొదటి ఏడాదే.

బడి సంగతీ అంతే. సమగ్ర శిక్ష కింద వచ్చే కాంపోజిట్ స్కూల్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. ముప్పై మంది లోపుంటే ఏడాదికి 10,000 రూపాయలు, వంద లోపుంటే 25,000, రెండు వందల యాభై లోపుంటే 50,000. తండా బడిలో ఇరవై ఎనిమిది మంది ఉంటే ఆ పదివేలలోనే సుద్దముక్కలు, హాజరు రిజిస్టర్లు, చిన్న చిన్న రిపేర్లు, అందులోనే కనీసం పదో వంతు పారిశుద్ధ్యానికి. పెద్ద గ్రాంటులో తప్పు జరిగితే సర్దుకోవచ్చు, చిన్న గ్రాంటులో ఒక్క తప్పు కొనుగోలుకే ఏడాది పోతుంది. కార్యాలయం ఎంత చిన్నదైతే విచక్షణ బరువు అంత పెద్దది. శిక్షణ మాత్రం ఎప్పుడూ పై మెట్టు నుంచే మొదలవుతుంది.

ఇక పిడుగులాంటి పనులు వేరే. 2014 ఆగస్టు 19న ఒక్కరోజులో రాష్ట్రమంతటా సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు ప్రజాపాలన సభల్లో దాదాపు 1.25 కోట్ల దరఖాస్తులు వచ్చాయి. ఫారాలు ఉచితమని ప్రభుత్వం చెప్పినా చాలాచోట్ల జనం జిరాక్స్ దుకాణాల ముందు బారులు తీరారు. అదే డిసెంబరు 9న ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. ఛార్జీ లేకపోయినా కండక్టరు జీరో టికెట్ ఇవ్వాలి. అంటే రాబడి లేని చోటా కాగితం రోలు తిరుగుతూనే ఉంటుంది. దేవరకొండ డిపో స్టోరైనా మరో డిపో స్టోరైనా, ఇలాంటి రోజున పాత సగటును నమ్ముకుంటే రోలు మధ్యలోనే అయిపోతుంది. పథకం ప్రకటన పేపర్లో చదివిన రోజే 'ఎన్ని రోళ్లున్నయ్?' అని అడిగే మనిషి ఏ సాఫ్ట్‌వేర్ కంటే ముందుంటాడు.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలబడేది ఎన్నికల సంచి. సిరా సీసా, స్టాంపు ప్యాడ్, లక్క, కొవ్వొత్తి, అగ్గిపెట్టె, బ్లేడు, దారం, కార్బన్ కాగితం దాకా పోలింగ్ పార్టీకి ఇచ్చే ప్రతి వస్తువూ జాబితాలో ముందే రాసి ఉంటుంది. ప్రిసైడింగ్ అధికారి సరిచూసుకుంటే చాలు. పని ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు అన్నది ముందే తెలిసినప్పుడు జాబితాకు మించింది లేదు. మిగతా ఏడాదంతా అది తెలియదు. ఆఫీసులను ఎన్నికల సంచిలాగే నడపాలనుకోవడంలో పొరపాటు అక్కడుంది.

కొనుగోలు పెత్తనం ఎవరిది

విచక్షణ పెంచితే దుబారా పెరుగుతుందన్న భయానికి ఇటీవలి పరిశోధన నుంచి గట్టి జవాబే వచ్చింది. ఇటలీలో ప్రభుత్వ సంస్థలు ఒకే రకం సామాన్లకు ఎంతెంత వేర్వేరు ధరలు కట్టాయో బాండియేరా, ప్రాట్, వల్లెట్టి 2009లో లెక్కగట్టారు. దుబారాలో 83 శాతం ఎవరి జేబులోకీ పోనిదని తేలింది. అది చేతగానితనం, చిక్కుముడి నియమాలు, పట్టనితనం వల్ల పోయింది.

మనకింకా దగ్గరి ఉదాహరణ పాకిస్తాన్ పంజాబ్‌ది. 2014 నుంచి 2016 దాకా అక్కడి ప్రభుత్వ కార్యాలయాల్లో కాగితం, పెన్నులు, టోనర్ లాంటి మామూలు సామాను కొనే అధికారుల మీదే ఒక పెద్ద ప్రయోగం చేశారు. ఫలితాలు 2021లో వెలువడ్డాయి. కొందరికి స్వేచ్ఛ పెంచారు: చేతి ఖర్చు నిధి పెద్దది చేశారు, ఆడిట్ కార్యాలయం ఏయే కాగితాలు అడగొచ్చో ముందే జాబితా ఇచ్చారు, బడ్జెట్ త్వరగా విడుదలయ్యేలా చూశారు. కొందరికి పనితీరును బట్టి ప్రోత్సాహకం పెట్టారు. స్వేచ్ఛ పొందినవాళ్లు నాణ్యత తగ్గకుండానే సుమారు 9 శాతం తక్కువ ధరకు కొన్నారు. ప్రోత్సాహకం ఒక్కటే చేసిన మేలు స్వల్పం. బిల్లులు నానబెట్టే ఆడిట్ అధికారి ఉన్నచోటే స్వేచ్ఛ ఎక్కువ ఫలించింది.

ఇందులో కొత్త సంగతి ఏముందని దేవరకొండ దుకాణదారుడు అనవచ్చు. ప్రభుత్వాఫీసుకు ఉద్దెర ఇస్తే డబ్బు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి, ఆ ఎదురుచూపు ధరలోనే కలిపేస్తాడు. గుమస్తా ఎంత నిజాయితీపరుడైనా ఆ పెంపును తప్పించలేడు. బిల్లు సకాలంలో పాసైతే ధర దానంతటదే దిగుతుంది. కేంద్రం 2016లో తెచ్చిన జెమ్ కొనుగోలు పోర్టల్, దాని రాకతో 2017 అక్టోబరు 31న మూతపడ్డ పాత సరఫరాల డైరెక్టరేట్, మన చంచల్‌గూడ ప్రభుత్వ ముద్రణాలయం, రేటు కాంట్రాక్టులు అన్నీ ధర అనే ఒక్క చివరను పట్టుకున్నవే. పంజాబ్ ప్రయోగం కొలిచిందీ ధరనే. తక్కువ ధరకు కొన్నది వాడారా, చెదలకు వదిలారా అన్నది వేరే లెక్క. అది బీరువా దగ్గరే తేలుతుంది.

మార్చి నెల ఈ రెండో లెక్కను బయటపెడుతుంది. అమెరికా ఫెడరల్ కార్యాలయాల్లో ఆర్థిక సంవత్సరం చివరి వారం ఖర్చు, మిగతా వారాల సగటుకు 4.9 రెట్లని లీబ్‌మన్, మహోనీ 2017లో చూపించారు. చివర్లో మొదలుపెట్టిన ఐటీ పనుల నాణ్యతా తక్కువే. మన నియమాలు ఆర్థిక సంవత్సరం చివర్లో ఖర్చు ఎగబడటాన్ని ఆర్థిక క్రమశిక్షణకు భంగంగానే చెబుతాయి. కానీ ఏప్రిల్ నుంచి కోరిన డబ్బు మార్చిలో విడుదలైతే, గుమస్తా ముందున్న దారులు రెండే: ఏది దొరికితే అది కొనడం, లేదా డబ్బు మురగనివ్వడం. దాన్ని విచక్షణ లోపం అనలేం. విచక్షణ చూపడానికి సమయమే ఇవ్వలేదు.

సరిపోయే రిజిస్టర్, సరిపోని బీరువా

రిజిస్టర్ పైసాతో సహా ఎలా సరిపోతుందన్న మాటకు ఇప్పుడు వద్దాం. అమెరికాలో ఒక పెద్ద చిల్లర దుకాణాల సంస్థకు చెందిన 37 దుకాణాల్లో దాదాపు 3,70,000 నిల్వ లెక్కలను డిహొరేషియస్, రామన్ సరిచూసి 2008లో ప్రచురించారు. 65 శాతం తప్పులే. బార్‌కోడ్, కంప్యూటర్ ఉన్న చోటే ఇలా ఉంటే, చేతిరాత రిజిస్టర్ ఏళ్ల తరబడి ఒక్క తేడా లేకుండా ఎలా ఉంటుంది? ఇచ్చినప్పుడు రాయరు కాబట్టి. తనిఖీ ముందు కూర్చుని, మిగిలిన దాన్ని బట్టి 'ఇచ్చింది' గడి నింపుతారు కాబట్టి. అచ్చంగా సరిపోయే రిజిస్టర్ నిజాయితీకి సాక్ష్యం కాదు, భయానికి సాక్ష్యం.

ఈ భయం వల్లే విచక్షణ అంతా రిజిస్టర్ బయటికి పోయింది. పక్కాఫీసు నుంచి రెండు రీములు చేబదులు తేవడం, టోనర్ అయిపోతే బయట జిరాక్స్ దుకాణంలో ప్రింటు తీయించి తర్వాత సర్దడం, తన సీటు సొరుగులో ఒక రీము దాచుకోవడం, కార్ట్రిడ్జ్ రీఫిల్ చేయించడం. ఇవన్నీ పని ఆగకుండా చేసే తెలివైన పనులే. రాతలో లేవు కాబట్టి ఇవే అవకతవకలకూ ముసుగవుతాయి. మంచి విచక్షణ, చెడ్డ విచక్షణ రెండూ ఒకే చీకట్లో ఉంటే ఆడిట్ చేసేవాళ్లు వేరుచేయలేరు. అకౌంటెంట్ జనరల్ పార్టీ అయినా, పంచాయతీలకు వచ్చే స్టేట్ ఆడిట్ అయినా రెంటినీ ఒకే పేరాలో రాస్తారు.

మందుల సరఫరాలో దీనికి ఒక దారి ముందే ఉంది. 1994లో ఏర్పడ్డ తమిళనాడు వైద్య సేవల సంస్థ ప్రతి ఆసుపత్రికీ పాస్‌బుక్ ఇచ్చింది. అందులో ఇంత మొత్తం అని ఉంటుంది. ఆ హద్దులో ఏ మందు ఎంత తీసుకోవాలో ఆసుపత్రే తేల్చుకుంటుంది. తెలుగు ప్రాంతంలోనూ ఈ పద్ధతి వచ్చింది. హద్దు పైవాళ్లది, ఎంపిక కిందివాళ్లది. స్టేషనరీకి కూడా ఇలా ఏడాది మొదట్లోనే ఒక ఖాతా తెరిచి, మండలాఫీసు తన ఎండాకాలాన్ని, తన అడ్మిషన్ల జూన్‌ను చూసుకుని వాడుకునేలా చేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు.

ఒక గడి చాలు

ఇంతవరకూ చూసినవన్నీ కలిపితే ఒక మాట మిగులుతుంది. మన ఆఫీసుల్లో విచక్షణ కొరతేం లేదు. దానికి చోటే లేదు. చోటు లేనిది మాయం కాదు, మాటున దాక్కుంటుంది. దాక్కున్నదాన్ని తనిఖీ చేయలేం, మెచ్చుకోలేం, తర్వాతి మనిషికి అప్పజెప్పలేం.

అందుకే స్టాక్ రిజిస్టర్‌లో 'మిగిలింది'కీ 'సంతకం'కీ నడుమ ఇంకో గడి గీయాలి: కారణం. ప్రతి ఎంట్రీకీ అక్కర్లేదు, మామూలుకు భిన్నంగా ఏదైనా చేసినప్పుడు ఒక్క ముక్క చాలు. 'జూన్‌లో అడ్మిషన్లు, ఆదాయ ధ్రువపత్రాలు రెట్టింపు.' 'గ్రామసభలు, ఫారాలు అదనం.' 'పక్కాఫీసుకు రెండు రీములు చేబదులు, తిరిగి రావాలి.' నోటితో చెప్పుకునే ఈ సంగతులు రాతలోకి వస్తే, ఊరికే చేసే చిన్నచిన్న దిద్దుబాట్లు వాటంతటవే తగ్గుతాయి, ఎందుకంటే రాయడానికి కారణం దొరకదు. ఆడిట్ కూడా ఎంత మిగిలిందని మాత్రమే కాక, చెప్పిన కారణం నిలిచిందా అని అడగగలుగుతుంది. తేడా వచ్చిన ప్రతిసారీ రికవరీ రాయకుండా, గ్రంథాలయాలకిచ్చినట్టే కొంత వెసులుబాటు ఇక్కడా ఇవ్వాలి. ఆ హామీ లేకపోతే కొత్త గడిలోనూ పాత అబద్ధమే రాస్తారు.

బదిలీల రోజుల్లో చార్జి అప్పగింత జాబితాలు తయారవుతాయి. బీరువాలు ఎన్ని, కుర్చీలు ఎన్ని, అందులో విరిగినవి ఎన్ని అని అన్నీ రాస్తారు. పాతాయన తాళంచెవి ఇచ్చి సంతకం పెడతాడు. కొత్తగా వచ్చినాయన బీరువా తెరిచి, 'జూన్‌కు ఇవి సరిపోతయా సార్?' అని అడుగుతాడు. ఇప్పుడైతే ఆ జవాబు కోసం ఫోన్ చేయాలి. రిజిస్టర్‌లో ఆ గడి ఉంటే, పోయిన జూన్ పేజీ తిప్పితే చాలు.